స్కానర్ ఎక్కని శవాలు

“దొంగలురా మీ బొమ్మలోళ్ళంతా! ఒకడు తవ్విన శవాన్నే ఇంకొకడు ఎత్తుకుపోతాడు.”

2007లో, నర్సీపట్నంలో ఓ నెట్ సెంటర్. దాన్ని నడిపే ఆవిడ స్కానర్ మూత తెరవకుండా, ఓ కుర్రాడు గీసుకొచ్చిన, శవాలు లేచి మనుషుల్ని కరిచే జాంబీ కామిక్ పేజీలు తిరగేస్తోంది.

“బేగి స్కాన్ సెయ్యక్కా. ఈరోజే సైటులో పెడతానని అందరికీ సెప్పేసేను.”

“తారు కరిగిపోయే ఎండల్లో మన రోడ్డు మీద ఈ మంచేటి? ఈ ఓవర్‌కోట్లేటి?”

“నెట్‌లో జాంబీలని అందరూ ఇలాగే గీస్తారక్కా.”

“సమాధిలోంచి లెగుస్తున్న ఈ ముసలాయనెవరు?”

“మా తాత. అది మాత్రం నా సొంత ఐడియా!”

“మీ తాతని రావికమతంలో కాల్చేసేరు కదరా! నానూ వచ్చేను. బూడిద లెగుస్తాదేటి?”

“అది... ఆలోసించలేదక్కా.”

“మీకు సమాధుల్లేవని మావి ఎత్తుకొచ్చేవు. పోనీ, మావైనా సరిగ్గా సూసేవా? ఈస్టర్ నాడు తెల్లారకుండానే కొవ్వొత్తులట్టుకుని సమాధుల తోటకి ఎందుకెళ్తాం? అక్కడ పాతిపెట్టిన మా అమ్మ ఓరోజు లెగుస్తాదని పాటలు పాడతాం. నిజంగా లెగిస్తే నాను పారిపోతానేటి?”

“పారిపోవా?”

“కావిలించుకుంటాను. కరిస్తే కరవనీ!”

“అక్కా! ఇది ఇంతవరకూ ఎవడూ గియ్యలేదే!”

“మరింకా నిలబడతావేటి? ఆ మంచూ, ఆ కోట్లూ సింపి పారెయ్. ఆ బల్ల దగ్గర కూకుని, మా అమ్మ నాకేసి నడిసొస్తున్నట్టు గియ్యి. అది తెస్తేనే ఈ మూత తీస్తాను.”