సోమాచారి సరుకు

సోమాచారని మా ఊళ్ళో వడ్రంగి ఉండేవాడంట. పనిమంతుడే, నోరే మంచిది కాదు. ఎవరైనా చవగ్గా కొన్న పీటో మంచమో కనబడిందనుకో, "సంతది!" అని తీసిపారేసేవాడు. అంటే పైకి నునుపు, లోపల డొల్ల, నాలుగు రోజులకి ఊడిపోయే సరుకని. ఆయనకి కొత్తగా పెళ్ళైంది. పెళ్ళాం వరాలుది సంతపాలెం. కోడళ్ళని పుట్టింటి ఊరి పేరుతోనే గదమ్మా మనం పిలిచేది! అత్తగారికి పళ్ళు లేవు, అంత పేరు నోరు తిరగదు, "మా సంతది, మా సంతది" అనేదంట.

ఏమైందంటే, కాపరానికొచ్చి నెల తిరగలేదు, ఎవరో రైతు కాలిరిగిన మంచం మోయించుకొచ్చాడు. వరాలు లోపల పప్పు రుబ్బుతోంది. మొగుడి మాట చెవిన పడింది. ఏమంటన్నాడూ? "సంతది గదా, చూపుకి బాగుంటదంతే. దీంతో ఎన్నాళ్ళు వేగటం? పొయ్యిలో పెట్టి కొత్తది తెచ్చుకుంటే పీడా పోద్ది." ఓయమ్మా! నన్ను పొయ్యిలో పెట్టి ఇంకోదాన్ని తెచ్చుకుంటాడా అని ఆ పిల్ల ఏడ్చుకుంటా, పిండి చేతుల్తోనే పెరటి దారిన పుట్టింటికి పోయిందంట.

పక్కింటావిడ చెప్తే పడతా లేస్తా పరిగెత్తాడు సోమాచారి. "నేనన్నది మంచాన్నే, నీ మీదొట్టు!" అని తల బాదుకున్నాడు. వరాలు తలుపు చాటునుంచే అందంట, మంచాన్నే అన్నావులే, అయితే పనికిమాలినవాటికి మా ఊరి పేరే దొరికిందా? నీ పేరు పెట్టుకో, అప్పుడు గడప దాటతా. ఆయనకేమో పేరంటే ప్రాణం. అయినా, "నువ్వు లేని ఇల్లు నాకెందుకే, అట్టాగే పెట్టుకుంటాలే" అని కళ్ళనీళ్ళెట్టుకున్నాడు. మర్నాడు ఎవరో ఊగులాడే పీట తెచ్చారు. ఊరంతా చెవులు రిక్కించింది. తలొంచుకుని, "ఇది సోమాచారి సరుకండీ" అన్నాడు! లోపల వరాలు పకపకా నవ్విందంట.

ఇప్పటికీ మా ఊళ్ళో చెప్పు తెగినా, బిందె కారినా సోమాచారి సరుకే. ఇదిగో, నే కూర్చున్న మంచం ఆయన చేసిందే, మా తాత పెళ్ళినాటిది, కదిలించండి చూద్దాం! పెళ్ళాం కోసం పేరే ఒదులుకున్నాడు మారాజు. మా ఆయనైతే చుట్ట కూడా ఒదల్లేదు.