పావురం రకం

హలో… ఆ, నేనేనక్కా. … దుకాణం నుంచే. స్టోర్ రూములో ఉన్నా, కళ్ళజోళ్ళ పెట్టెల వెనక. మెల్లిగా మాట్లాడతా, ఏమనుకోకు.

… ఏడవట్లేదక్కా. దుమ్ము.

… సరే, ఏడుస్తున్నా. నన్ను కొత్త బ్రాంచికి వేసేశారు. ఆ కొండల అవతల ఊరికి. ఒకటో తారీఖు నుంచే…

… ఎందుకంటే, నేను పావురాన్నట!

… నవ్వకక్కా. మొన్న ట్రైనింగ్ అయింది కదా… అదే, స్వభావాల పరీక్ష. అందర్నీ నాలుగు పిట్టల కింద విడగొట్టారు. నాతోపాటు లెన్సులు అరగదీస్తాడు చూడు, అతను డేగ. నేను పావురం. బొమ్మ కూడా ఇచ్చారు, కోటుకి అంటించుకోమని.

… ఒకరినొకరు అర్థం చేసుకోవడానికట. బాగానే అర్థం చేసుకున్నారు! అసలు వెళ్ళాల్సింది అతను. డేగ కదా, ఊరుకోడట. 'నువ్వైతే ఏ గూట్లోనైనా ఇమిడిపోతావమ్మా' అన్నారు మేనేజరుగారు. మెచ్చుకుంటున్నట్టే అన్నారు. నా నోట్లో నాలుక లేదని ఆయనకి ముందే తెలుసు, ఇప్పుడు కాగితం మీద కూడా ఉంది.

… నేనేం రాశానా? 'పనిలో గొడవొస్తే ఏం చేస్తారు' అని అడిగారు. సర్దుకుపోతానని టిక్కు పెట్టా. … మరింకేం పెట్టను? చిన్నప్పట్నుంచీ మనింట్లో అదేగా మంచి జవాబు! పైగా ఇందులో తప్పొప్పులుండవన్నారు…

… అదేనక్కా నా బాధంతా. బుడ్డోడికి మాటలు నేర్పే టీచరమ్మ ఇక్కడే ఉంది. నాలుగేళ్ళు నిండాక ఇప్పుడిప్పుడే నోరు విప్పుతున్నాడు వెధవ. నిన్న 'నీళ్ళు' అన్నాడు, తెలుసా? స్పష్టంగా… అక్కడ అలాంటివాళ్ళెవరూ లేరు. కనుక్కున్నా.

… మీ మరిదా? 'నీ ఇష్టం' అన్నారు. మా ఇంట్లో ఇద్దరం పావురాలమే.

… చెప్తానక్కా. లేదు, ఇవాళే చెప్తా. 'నేను వెళ్ళను సార్, నా బిడ్డ సంగతి ఇదీ' అని మొహం మీదే… అవును, అడగందే అమ్మైనా పెట్టదు. నిజమే.

… ఉండు. తలుపు తీస్తున్నారు— ఆయనే. … పెట్టెయ్యనులే, నువ్వు విను. ఇప్పుడే అడిగేస్తా.

సార్! … మా అక్క సార్, రెండు నిమిషాలే. … ఆ బదిలీ విషయం సార్… మా బాబుకి—

… అవును సార్. … అవును, మీకూ పైనుంచి ఒత్తిడి ఉంటుంది. … అబ్బే, నాకేం ఇబ్బంది లేదు సార్. … సంతకం ఇక్కడా? … పెన్నుంది సార్.

… బాబా? బానే ఉన్నాడు సార్.

…

అక్కా… వెళ్ళిపోయారు. … పాపం, ఆయన పరిస్థితీ అలాగే ఉందక్కా…

… తిట్టు. నువ్వన్నా తిట్టు.

… అక్కా? … వింటున్నావా?

హలో…