మొఖం తెరిచి భయపడు

"అవ్వా, భయపడేటోళ్లకి కళ్లు బాగా ఆనతాయని అంటావే, అదెట్టా?"

అదా. మీ నాన్న చంటిబిడ్డప్పటి మాట తల్లా. అరవయ్యో ఏడాదేమో, అంతకు ముందో, నాకు లెక్క తెలవదు. అప్పుడు మనం పులికాటు చెరువు మధ్యన లంకలో ఉండేవాళ్లం. ఇప్పట్లా రోడ్డా పాడా, యాడికి పోవాలన్నా పడవే. మీ తాత వేటకి పోయున్నాడు. తెల్లారేసరికి బిడ్డ ఒళ్లు కాలిపోతా ఉంది. పాలు తాగడు, ఏడవనన్నా ఏడవడు. మొఖంలో కదలికే లేదు. ఆ ఏడవకపోవడమే నన్ను చంపింది.

మా వదిన పోలమ్మ, అంటే మీ తాతకి అక్క, మగోళ్ల మాదిరి గెడ వేసి పడవ నడిపేది. బో మొండిది, మాట కటువు, మనసు మాత్రం... సరేలే. "లెయ్, నాయుడుపేట డాక్టరు దగ్గిరికి పోదాం" అని పడవెక్కించింది.

సగం దూరం పోయినామో లేదో పొగమంచు కమ్మేసింది. గట్టు ఎటో తెలవలా. నేను బిడ్డను కరుచుకోని, కళ్లు గట్టిగా మూసుకోని ఏడస్తా ఉండా.

"ఏడవబాక," అనింది వదిన. "ఏడుపు మొఖం పెడితే కళ్లు పూడుకుంటాయి, ముక్కు దిబ్బడేస్తాది. నాకూ భయంగానే ఉండాది. నువ్వూ భయపడు, మొఖం తెరిచి భయపడు. నేను గెడేస్తా, నువ్వు చూడు."

కొంగుతో తుడుచుకున్నా. భయాన్ని ఆపలా, రానిచ్చినా. కళ్లు వాటంతటవే విప్పారినాయి. ముక్కుపుటాలు ఉబ్బి చల్లగాలి లోపలిదాకా పోయింది. ఆ గాల్లో ఏముండాదనుకున్నావు, వడ్లు ఉడకేసే వాసన. చేపలు పట్టే మా లంకలో వడ్లెవరు ఉడకేస్తారు, రైతులుండే గట్టునే గదా. "ఎడంపక్క నించి వస్తా ఉంది వదినా" అన్నా. అటు తిప్పింది. కాసేపటికి, ఎదురుగా కాదు, ఓరగా, తాటిచెట్లు నల్లగా ఆనినాయి.

గట్టున ఒక రైతు అడగంగానే బండి కట్టినాడు, పుణ్యాత్ముడు. డాక్టరు సూదేసి, చేదుమందు బిడ్డ నాలిక మీద ఒక చుక్క పెట్టినాడు. పెడితే, మీ నాన్న ముక్కు చిట్లించి, కళ్లు ముడిచి, మూతి వంకర పెట్టినాడు. అంతసేపూ బొమ్మ మాదిరుండిన మొఖం అది.

వదిన నా భుజం పట్టుకోని, "చూడు, వద్దంటా ఉండాడు. వద్దనే ఓపిక వచ్చినాక ఇంక బతకతాడులే," అనింది. అని, గోడకి తిరిగి ఏడ్చింది. నేను కాదు, ఆమె.

ఆమె చేతుల్లోనే పెరిగినాడు మీ నాన్న. పండు ముసలిదయ్యేదాకా బతికింది మా వదిన. ఆమె గుండె నీకు రావాల తల్లా, ఆమె ఆయుష్షు కూడా... ఏదీ, ఇటు రా, తల నిమరనీ...