మూడో డాక్టర్ అడిగిన మాట

మెడ ఆపరేషన్ సంగతి తేల్చుకోవడానికి పట్నంలో మూడో డాక్టర్‌ను చూసి, మధ్యాహ్నం మూడు దాటాక బస్సు దిగారు బడి వ్యాను డ్రైవరు ఎల్లస్వామి, అంగన్‌వాడీ టీచరైన అతని భార్య మరియ. ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చున్నారు. ఎల్లస్వామికి ఎంత తొందరగా ఇల్లు చేరితే అంత మంచిదనిపిస్తోంది.

“గందుకే అంటున్న, మరియా. ఒకాయన చెయ్యాలంటడు, ఇంకొకాయన ఒద్దంటడు. డాక్టర్లకే ఒక్క మాట లేదు, మనమేం జేస్తం?”

“ఒద్దన్నదెవరు?”

“దిల్‌సుఖ్‌నగర్ డాక్టర్.”

“ఒద్దనలే. మెడకు పట్టీ పెట్టుకో, మూడు నెలలు చూద్దామన్నడు. అది గూడ నువ్వు చెప్తేనే నాకెరుక. ఒక్కనివే పోయినవ్ ఆడికి.”

“నీకు అంగన్‌వాడీల పనుండె.”

“సెలవు పెడ్తనన్న. నువ్వే ఒద్దన్నవ్.”

“చాయ్ తాగు, సల్లారుతుంది.”

“నువ్వు తాగు. గ్లాసు రెండు చేతులతోని పట్టుకున్నవేంది?”

“కాలుతుంది, గందుకే.”

“కాలితే రెండు చేతులతోని పట్టుకుంటరా ఎవరన్న?”

“ఇయ్యాల డాక్టర్ ఏమన్నడో నువ్వు గూడ విన్నవ్. ఎన్నుపాము కాడ జరంత తప్పినా మంచమే అన్నడు.”

“అది నూటికి ఒక్కరికి అన్నడు. చేపిచ్చుకోకుంటే ఏమైతదో గూడ చెప్పిండు. అది మాత్రం చెప్తలేవ్.”

“ఏం చెప్పిండు?”

“కింద పడ్డా, బస్సు గట్టిగ ఎత్తేసినా, ఒక్క దెబ్బకు మెడ కాడికెళ్లి కిందికి ఏదీ ఆడదన్నడు. పోయిన బలం రాకపోవచ్చు, ఉన్నది నిలబెట్టెతందుకే ఆపరేషన్ అన్నడు. చెవులు మూసుకున్నవా అప్పుడు?”

“ఇంకొకాయనకు చూపిద్దాం. కర్మన్‌ఘాట్‌ల ఒక డాక్టరున్నడంట, పక్కింటి నారయ్య చెప్పిండు.”

“నాలుగో ఆయనకు ఏం చెప్తవ్?”

“ఏం చెప్త? మెడ నొస్తుందని చెప్త.”

“అంతేనా?”

“చేతులు తిమ్మిరెక్కుతున్నయని చెప్త.”

“అంతేనా?”

“ఏందే, పోలీసోళ్ల లెక్క అడుగుతున్నవ్?”

“ఇయ్యాల డాక్టర్ నిన్నొక మాట అడిగిండు. కాళ్లెట్లున్నయని. ఏమన్నవ్?”

“మంచిగున్నయన్న.”

“ముందు ఇద్దరు గూడ అడిగిన్రా?”

“అడిగిన్రేమో. యాదికి లేదు.”

“వాళ్లకు గూడ మంచిగున్నయనే అన్నవా?”

“మంచిగ లేకుంటే నీతోని నడిచొచ్చిన్నా? బస్సెక్కిన్నా?”

“ఎక్కినవ్. కాలు యాడ పెడ్తున్నవో ఒంగి చూసుకుంట ఎక్కినవ్. ఇంట్ల కరెంటు పోతే గోడ పట్టుకుంటున్నవ్. మొన్న తానం చేసుకుంట, సబ్బని కండ్లు మూసినవో లేదో పడబోయినవ్.”

“సబ్బు మీద కాలు జారింది.”

“సబ్బు నీ చేతులనే ఉండె.”

“నీతోని మాట్లాడుడు నాతోని కాదు.”

“నేను డాక్టర్‌తోని మాట్లాడిన.”

“ఎప్పుడు?”

“నిన్ను ఎక్స్‌రేకు తీస్కపోయినప్పుడు. గందుకే ఆయన నిన్ను మళ్ల లోపలికి పిలిచిండు. కండ్లు మూపిచ్చి, కాలి బొటనేలు పట్టుకొని పైకా, కిందికా అని అడిగిండు. పదిసార్లల్ల ఏడుసార్లు తప్పు చెప్పినవ్.”

“అది... రాసిండా?”

“రాసిండు.”

“ఏమని?”

“ఆరు నెలల సంది కాళ్లల్ల సోయి తగ్గుతుందని. ఆపరేషన్ ఆలస్యం చెయ్యొద్దని. ఇగ బండి తోలనే ఒద్దని.”

“ఆరు నెలలని ఎవరు చెప్పిన్రు ఆయనకు?”

“నేనే. ఈస్టర్ నాడు చర్చి మెట్ల కాడ నీ చెప్పు ఊడిపోయింది. నీకు తెల్వనే తెల్వదు. ఒంటి చెప్పుతోని గేటు దాక నడిచినవ్. అప్పటి సంది చూస్తనే ఉన్న.”

“ఆ కాగితం ఇటియ్యి.”

“ఎందుకు?”

“ఇయ్యమంటున్న. నీకు తెల్వదు, మరియా. ఆరు నెలలంటే... మొన్నటి దానికంటే ముందుకు పోతది.”

“ఏ మొన్నటిది?”

“నీకెరుక లేదా?”

“నీ నోట్లకెళ్లి రావాలె.”

“బొంగులూరు కాడి యాక్సిడెంట్. ఎంకమ్మది.”

“బ్రేకు ఫెయిలయిందన్నవ్ గదా. పోలీసులకు అదే చెప్పినవ్, బడోళ్లకు అదే, నాకూ అదే. బ్రేకులు సరిగ చెయ్యలేదని మెకానిక్ పరమేష్ శెడ్డుకు తాళమేసిన్రు. రోజూ ఠాణాకు పిలిచి కూసోబెడ్తున్నరు. ఆయన భార్య స్టెల్లా పొద్దుగాల పిల్లను అంగన్‌వాడీల దించవొస్తే ఆమె మొకం చూడలేకపోతున్న. నీ బండి తగిలి ఎంకమ్మకు మోకాలి కిందికి కాలు తీసేసిన్రు. నిజంగ బ్రేకు ఫెయిలయిందా, స్తుతి బాపు?”

“పైపు పలిగింది. అందరు చూసిన్రు.”

“స్తంభానికి గుద్దుకున్నంక పలిగింది. అంతకు ముందు?”

“ముందంటే...”

“ముందు?”

“తొక్కిన. తొక్కిననుకున్న, మరియా. నా కాలు బ్రేకు మీదనే ఉందనుకున్న. బండి ఆగుతలేదని కిందికి చూస్తే... ఎక్సలేటర్ మీద ఉంది.”

“పిల్లలెంతమంది ఉన్నరు బండిల?”

“పద్నాలుగు మంది.”

“వాళ్లల్ల ఒక్కరికి...”

“అనకు. రోజూ అదే కండ్లల్ల తిరుగుతుంది. అనకు.”

“మరి గిన్ని దవాఖానలు ఎందుకు తిరిగినవ్?”

“ఒక్కరన్న నీకేం కాలేదు, మంచిగున్నవని రాసిస్తరేమోనని.”

“రాసిస్తే?”

“అప్పుడు బ్రేకే ఫెయిలయినట్టు గదా.”

“నీ పాణం సంగతి? రేపు కింద పడి మంచం పడితే?”

“మంచంల పడ్డోన్ని అయ్యో పాపమంటరు. ఇది తెలిస్తే మొకం మీద ఉమ్మేస్తరు.”

“గంత మాటేంది?”

“నిజమే గదా. విను, మరియా. ఆ కాగితం చింపేద్దాం. రేపే కర్మన్‌ఘాట్ పోదాం. ఆయన ఆపరేషన్ అంటే ఆపరేషనే, దేవుని తోడు, చేపిచ్చుకుంట. కాళ్లు మాత్రం యాక్సిడెంట్ అయినంకనే ఇట్లయినయని చెప్దాం. నువ్వు గూడ అట్లనే చెప్పు. నా కోసం కాకపోయినా మన బిడ్డ స్తుతి కోసం చెప్పు.”

“స్తుతి పేరు తియ్యకు.”

“మరి ఏం జెయ్యమంటవ్?”

“ఠాణాకు పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పు. నేనూ వస్త. ఎంకమ్మ కాడికి గూడ వస్త. ఆపరేషన్ అయ్యేదాక నీ పక్కనే ఉంట. ఆ తర్వాత ఏదైతే అదైతది.”

“నాతోని కాదు.”

“ఒక్కసారి సోంచాయించు.”

“కాదన్న గదా! నీకు, నాకు, ఆ డాక్టర్‌కు తప్ప ఎవరికెరుక? నువ్వు నోరు మూసుకుంటే అయిపాయె. ఇటియ్యి కాగితం.”

“ఇగో, చింపుకో.”

“మరియా... నిజంగనే ఇస్తున్నవా?”

“చింపు. చింపినంక జర ఎనకకు తిరిగి చూడు.”

“మెడ తిరగదని నీకెరుక లేదా?”

“ఎరుకే. గందుకే నిన్ను గోడ దిక్కు మొకం పెట్టి కూసోబెట్టిన. నేనే రమ్మన్న, చాయ్ వచ్చినప్పటి సంది స్టెల్లా నీ ఎనక బల్ల మీదనే కూసోని ఉన్నది.”