ఒకే మొహం, రెండు ఫోన్లు

కెనడాలోని సస్కటూన్‌లో మార్చి నెల మధ్యాహ్నం. నొరీన్ కింది అంతస్తులో బట్టలు ఉతుక్కుని ఇంట్లోకి వచ్చేసరికి ఆమె కవల అక్క డార్లీన్ వంటగది బల్ల దగ్గర నొరీన్ ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంది.

“నా ఫోనెందుకు తీశావక్కా?”

“నేను తియ్యలేదు. చేతిలోకి తీసుకున్నానంతే, అదే తెరుచుకుంది. నా మొహం చూసి నువ్వే అనుకుంది పాపం.”

“కొన్నప్పుడే చెప్పారు. కవలలకి మొహం తాళం పనికిరాదు, అంకెలు పెట్టుకోమని.”

“మరి పెట్టుకోలేదేం?”

“నువ్వు చూస్తావనుకోలేదు.”

“అవును, చూస్తాననుకోలేదు. గార్త్ పేరు కనబడింది తెర మీద. చదవనా? ‘నొరీన్, ఇంక దాచలేను. ఆ సంగతి డార్లీన్‌కి చెప్పేద్దాం.’ నా మొగుడు నీతో కలిసి నా దగ్గర దాచే సంగతేంటి?”

“టీ పెట్టనా?”

“వద్దు. ఏ సంగతి?”

“నువ్వనుకునేది కాదు.”

“నేనేం అనుకుంటున్నానో నీకెలా తెలుసు? అయినా నాకు తెలీక కాదు. నువ్వు చేసిన పెరోగీలు మూడుసార్లు వడ్డించుకుంటాడు. మా ఇంట్లో రెండోసారి అడగడు. చిన్నప్పట్నించీ అంతే నువ్వు. నాకు స్కేట్లు కొంటే నీకూ కావాలి. నేను జుట్టు కత్తిరించుకుంటే వారం తిరక్కుండా నువ్వూ.”

“జుట్టు ముందు కత్తిరించుకుంది నేను.”

“మాట మార్చకు.”

“మార్చట్లేదు. కిందటేడు గార్త్ అలిగి రెజైనా ఊరు వెళ్ళిపోయాడు కదా, వాళ్ళ తమ్ముడి దగ్గరికి.”

“వెళ్ళాడు. పదకొండు రోజులు. నేను బతిమాలలేదు, ఒక్క ఫోన్ చెయ్యలేదు. నేను లేకుండా ఉండలేక తనంతట తనే వచ్చాడు. అది చూసి నువ్వు ఓర్చుకోలేకపోయావు.”

“తనంతట తను రాలేదక్కా.”

“ఏంటీ?”

“పదో రోజు నీకు జ్వరమని సూప్ పట్టుకొచ్చాను. నువ్వు నిద్రపోతున్నావు. నీ ఫోన్ మంచం పక్కనే ఉంది. నా మొహం చూసి అదీ తెరుచుకుంది.”

“నా ఫోన్ తీశావా?”

“ఇప్పుడు నువ్వు నాది తీసినట్టే.”

“తీసి?”

“‘తప్పు నాదే గార్త్, ఇంటికొచ్చెయ్’ అని రాసి పంపాను. నీ ఫోన్‌లో కనబడకుండా చెరిపేశాను.”

“చచ్చినా నేనలా రాయను.”

“తెలుసు. అందుకే నేను రాశాను.”

“నా పేరు పెట్టి, నా మొగుడికి. ఎందుకు? నీకేం పట్టింది?”

“మంచు ఎత్తే బండి చప్పుడైనా గార్త్ ట్రక్కేమోనని కిటికీ దగ్గరికి వెళ్ళేదానివి. చూళ్ళేకపోయాను.”

“అంతేనా?”

“అంతే.”

“నా వైపు చూసి చెప్పు.”

“టీ పెడతాను.”

“కూర్చో. సరే, నువ్వు రాశావు, నేను రాశాననుకుని వచ్చాడు. పోనీ, అలాగే అనుకోనీ. నువ్వు మాత్రం ఎప్పుడూ చెప్పకు.”

“నేను చెప్పలేదు.”

“మరి దాచలేనంటున్నాడే? నువ్వు చెప్పకపోతే తనకెలా తెలుసు?”

“టీ తాగి మాట్లాడుకుందాం అక్కా.”

“ఎలా తెలుసు?”

“అయిదు నిమిషాల్లో నీ ఫోన్‌కే జవాబొచ్చింది. అదీ చెరిపేశాను.”

“ఏం రాశాడు?”

“వద్దక్కా.”

“ఏం రాశాడు నొరీన్?”

“‘ఇది డార్లీన్ రాయలేదు. నొరీన్, నువ్వేనని తెలుసు. నువ్వు రమ్మన్నావు కాబట్టి వస్తున్నాను.’”