నూకరత్నం శుక్రవారం ఉత్తరం

నూకరత్నం అని ఒకావిడ, వడియాలు పెట్టి అమ్ముతాదండి. బూడిద గుమ్మడికాయ వడియాలు. మొగుడి పేరు బుల్లబ్బాయి. వడియానికి ముందు కాయ కొట్టాలి కదా, ఆ కాయ మనలో ఆడది కొట్టకూడదు, మగాడే కొట్టాలి. ఏయ్ పిల్లా, ఎందుకని నన్నడక్కు, మా అత్త నాకు చెప్పలేదు, నేన్నీకు చెప్పను. సరే, బుల్లబ్బాయి కాయ కొట్టేవాడు, ఈవిడ ముక్కలు తరిగి, ఉప్పేసి, మూటగట్టి బరువెట్టి, తెల్లారి మినప్పిండిలో కలిపి డాబా మీద పెట్టేది. ప్యాకెట్ల మీద ఫోన్నెంబరు కూడా బుల్లబ్బాయిదే, ఎందుకంటే బస్సుకెక్కించేదీ, అందిందా లేదా అని కనుక్కునేదీ ఆయనే. అంతా బానే ఉంది గానీ కొనేవాళ్ళు ఆ చుట్టుపక్కల నాలుగూళ్ళ వాళ్ళేనంట.

ఏమైందంటే, చెల్లెలి కూతురు పావని అని, కాలేజీ పిల్ల, వేసవి సెలవులకొచ్చి, "పెద్దమ్మా, ఒకసారి కొన్నవాళ్ళకి ఈమెయిల్లో ఉత్తరం పంపుదాం, మళ్ళీ కొంటారు" అందంట. న్యూస్ లెటరంటారంట దాన్ని. ఇంకేముంది, పెద్దమ్మా కూతురూ కలిసి రోజూ పంపడమే. వడియాలు కొనండి, తగ్గింపు ధర, త్వరపడండి. తెల్లారితే ఇదే గోల. ఆ ఉత్తరాల అడుగున 'ఇక వద్దు' అని ఒక మీట ఉంటాదంట, అది నొక్కితే ఇంక పంపడానికి లేదు. జనం టకటకా నొక్కేస్తున్నారంట. పావని మొహం వేలాడేసింది. నూకరత్నానికి నవ్వొచ్చిందంట. "రోజూ ఒకావిడ గుమ్మంలోకొచ్చి కొంటావా కొంటావా అంటే మనం మాత్రం తలుపెయ్యమేంటే? వారానికోసారి ఎళ్దాం. పేరెట్టి పిలుద్దాం. ముందు కబుర్లు చెప్పి, ఎళ్ళేటప్పుడు వడియాల మాట అందాం" అందంట. అట్టాగే శుక్రవారం శుక్రవారం మొదలెట్టారు. ఎవరికి పంపితే ఆళ్ళ పేరు పైన. ఈ వారం మబ్బేసింది, డాబా మీంచి గుడ్డ లాగలేక చచ్చాం. పిండిలో జీలకర్ర మరిచిపోయాం, ఆ వాయి మేమే తినేశాం. నూనె కాగాక మంట తగ్గించి వేయించండి, లేపోతే మాడతాయ్, నన్ను తిట్టుకోకండి. ఇవీ కబుర్లు. చిట్టచివర ఒక్కటే ముక్క, వడియాలు సిద్ధంగా ఉన్నాయి అని. అంతే! చదివినవాళ్ళు చుట్టాలక్కూడా పంపుతుంటే, తణుకు నుంచీ అనకాపల్లి నుంచీ ఎక్కడెక్కడి వాళ్ళో అడుగుతున్నారు. జనం వడియాల కోసం చూస్తున్నారో కబుర్ల కోసం చూస్తున్నారో ఆ దేవుడికే తెలియాలి.

ఇక్కడ కొంప మునిగింది, వినండి. ఒక వారం కబుర్లేం దొరకలేదనుకో. ఆవిడేం చేసిందీ, మా ఆయన కాయ కొట్టబోతే అది కత్తి కింద నుంచి జారి బావి గట్టు దాకా దొర్లింది, ఆయన ఎనకాల పరిగెట్టాడు, లుంగీ ఊడిపోయింది అని రాసి పంపించింది. జనం పడీ పడీ నవ్వారంట. ఆ నవ్వు టీ కొట్టు దాకా వొచ్చింది. కొట్లో ఎవడో ఫోన్లో చూసి పైకి చదివాడు, బుల్లబ్బాయి గ్లాసు పట్టుకుని అక్కడే కూచున్నాడు! పాపం! ఇంటికొచ్చి పెళ్ళాన్ని పల్లెత్తు మాటనలేదంట. పెళ్ళాం ఉత్తరం తనకీ వొస్తాది కదా, ఫోను తీసి 'ఇక వద్దు' నొక్కేశాడంట. కత్తి అటక మీద పడేశాడు. అన్నం మీద అలగలేదు సుమా, శుభ్రంగా తినేవాడు, కాయల మీద అలిగాడు. పావని చూసి, "పెద్దమ్మా, పెదనాన్న మనల్ని వద్దనేశాడే" అంటే, నూకరత్నం ఆ మాటకి పీట మీద కూలబడిపోయిందంట.

బయటేమో పెళపెళలాడే ఎండ. వసారాలో కాయలు మెత్తబడిపోతన్నాయి. అడిగినోళ్ళంతా ఎదురుచూస్తన్నారు. పక్కింటి తాతారావు, "నేను కొట్టెయ్యనా అక్కా" అన్నాడు. ఈవిడ వద్దంది. పావని నెత్తీ నోరూ కొట్టుకుంది, ఈ ఎండ పోతే ఈ ఏడాది బేరం పోయినట్టే పెద్దమ్మా అని. పోతే పోనీ అందంట. శుక్రవారం వొచ్చింది. ఈవిడ చెబుతుంటే పావని ఫోన్లో ఉత్తరం కొట్టింది. ఏమనంటే, "ఈ వారం వడియాల్లేవండి. కాయలున్నాయి, ఎండుంది, పప్పుంది. కాయ కొట్టే మనిషి అలిగాడు. తప్పు నాదే. ఆయన్నడక్కుండా ఆయన్ని మీ అందరి ముందూ నవ్వులపాలు చేశాను. పక్కింటబ్బాయి కొడతానన్నాడు గానీ, కాపరానికొచ్చిన కాణ్ణించీ ఆయన కొట్టిన కాయే నేను తరిగాను. ఇంకో చేతి కాయ నాకొద్దు. ఈ ఉత్తరం ఆయనకి చేరదు, వద్దని నొక్కేశాడు." అంతే రాసింది. అమ్మకం మాట ఒక్కటీ లేదు.

ఆ మధ్యాన్నం బుల్లబ్బాయి కొబ్బరితోటలో ఉంటే ఫోను మోగిందంట. తణుకు నుంచి భ్రమరాంబగారు, ప్యాకెట్టు మీద నెంబరు చూసి చేసింది. "బాబూ, మీ ఆవిడ ఉత్తరం మీకు చేరదంట కదా, నేను చదువుతాను, పెట్టెయ్యకుండా వినండి" అని మొదలుంచీ చివరికంటా చదివిందంట. పెట్టేశాడో లేదో ఇంకొకరు. అనకాపల్లి మేష్టారు. "చదవనా అబ్బాయ్?" అంటే, ఇందాకే విన్నానండీ అనొచ్చు కదా, అనలేదంట! "చదవండి మేష్టారూ" అన్నాడంట. ఆ తరవాత ఎవరు చేసినా అదే మాట, చదవండి చదవండి. తోటలో ఆ చెట్టు మొదట్లో కూచుని ఫోను చెవికానించుకుని వింటానే ఉన్నాడంట, బంగారుకొండ.

పొద్దు వాలకుండానే ఇంటికొచ్చాడు. అటకెక్కి కత్తి తీశాడు. నూకరత్నం తలెత్తలేదు. "ఆ ముక్కేదో నాతో చెప్పొచ్చుగా?" అన్నాడంట. "నీతోనా? నాకు సిగ్గు" అందంట. "ఊరూరా చెప్పడానికి లేని సిగ్గు నా దగ్గరేంటే?" "ఆళ్ళెవరూ నా మొహం చూడరుగా" అంది. ఆయన లుంగీ ఎగ్గట్టి గట్టిగా ముడేసుకుని, కాయ మీద ఒక్కటేశాడు, రెండు చెక్కలైపోయింది. ఆవిడ చెక్కలందుకుని అప్పుడేడ్చిందంట, ఇన్నాళ్ళదీ. తరవాత ఆయన "నన్ను మళ్ళీ మీ ఉత్తరాల పట్టీలో ఎక్కించవే పావనీ" అంటే, "వద్దన్నవాళ్ళని మేం ఎక్కించకూడదు పెదనాన్నా, నువ్వే రాసుకోవాలి" అందంట. కళ్ళజోడెట్టుకుని, ఒక్కో అక్షరం ఎతుక్కుంటా తన పేరు తనే కొట్టుకున్నాడు.

ఇదండీ సంగతి. మొన్న ఆవిడ ఊళ్ళో ఇదంతా విని, ఇంటికెళ్ళి మా ఆయనకీ ఇట్టాగే పూస గుచ్చినట్టు చెప్పాను, చెబుతా చెబుతా నేనే కళ్ళొత్తుకున్నాను కూడా. ఆయన అంతా విని, "ఇంతకీ మనకో ప్యాకెట్టు తెచ్చావా?" అన్నాడు. ఈయన్నేం చెయ్యమంటారు? తెచ్చాననుకోండి, అది వేరే సంగతి.