సార్జెంటు పేల్చిన గుళ్ళు

సాయంత్రం ఐదయింది. వాన వెలిసినా చూరు నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

సైనికుల క్వార్టర్స్‌లో ఆమె ఇంటి వరండాలో ఆమె కొడుకు, వాడితో పనిచేసే సార్జెంటు, డ్రైవరు టీ తాగుతున్నారు. ముగ్గురిదీ ఒకే బండి. అందరికన్నా ముందు వెళ్ళి శత్రువు జాడ తీసే ఉక్కు కవచం, ఫిరంగి ఉన్న బండి. రేపు మైదానంలో నిజం గుళ్ళతో కాల్పుల సాధన. కొడుకు కుడిచేతి వేళ్ళకి కట్టుంది. ఆమె ఆ కట్టు చూసింది. వాడి చొక్కా తీసుకుని బకెట్ ముందు కూర్చుంది.

"ఆ కట్టు చూసి కంగారుపడకక్కా," సార్జెంటు అందుకున్నాడు. "ఇవాళ మొదట ఒక్క గుండు పేల్చాం, చిన్నదే. గురి బోర్డు చీల్చుకుని వెనక గుట్ట మీదికి పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుట్ట పక్కకి జరిగి దారిచ్చింది!"

"గుట్టే?" అన్నాడు డ్రైవరు.

"బండి తోలేవాడివి, నీకేం కనిపిస్తుంది! మీవాడు గుళ్ళు అందిస్తుంటే ఫిరంగి 'బాబ్బాబు, ఊపిరి తీసుకోనీ' అని మొరపెట్టుకుందక్కా! ఆఖరి గుండు పేల్చి, దానికన్నా ముందు మేమే వెళ్ళి, బోర్డు దగ్గర నిలబడి 'ఇటు, ఇటు' అని దారి చూపించాం. ఆ వేగానికి మీవాడి చెయ్యి కాస్త వేడెక్కింది, అంతే!"

కొడుకు నవ్వలేదు. ఆమె చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇన్ని పేల్చారు కదా తమ్ముడూ, చొక్కాకి మందు వాసనేది?"

సార్జెంటు టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఇవాళ పేలని కొయ్యగుండుతోనే సాధన అమ్మా," అన్నాడు కొడుకు. "దాన్ని పిడికిలి మూసి తొయ్యాలి. లోపలికి వెళ్ళగానే ఫిరంగి తలుపు దానంతటదే టక్కున పడుతుంది. నేను వేళ్ళు చాచి తోశాను. తోలు లేచిపోయింది, ఎముకలకేం కాలేదు."

"రేపు పంపనంటావేమోనని..." సార్జెంటు గొణిగాడు.

ఆమె చేతులు తువ్వాలుకి తుడుచుకుని లేచింది. నీళ్ళసీసా తెచ్చి కొడుక్కిచ్చి, కుర్చీ వీపు సందు చూపించింది.

"రోట్లో తల పెట్టాక రోకటి పోటుకి వెరవడమెందుకు? ఇది గుండనుకుని తొయ్యి."

తోశాడు. మళ్ళీ వేళ్ళు చాచే.

"తమ్ముడూ, నువ్వు కేక వెయ్యి. అంత నోరు ఊరికే పోనివ్వకు."

"పిడికిలి!" అరిచాడు సార్జెంటు. మళ్ళీ. మళ్ళీ. కేక పడకముందే చెయ్యి ముడుచుకునేదాకా ఆమె ఎవరినీ లేవనివ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నమంతా మైదానం వైపు ఫిరంగులు మోగుతూనే ఉన్నాయి. పొద్దు వాలాక ఆగిపోయాయి. ఆమె గుమ్మంలో నిలబడింది.

ఒళ్ళంతా బురదతో డ్రైవరొచ్చాడు. ఒకరు.

"అక్కా, ఇవాళ ఏం జరిగిందంటే..." సార్జెంటు. ఇద్దరు.

కొడుకు. ముగ్గురు.

వాడి పిడికిలి ఇంకా మూసే ఉంది. ఒక్కో వేలూ విప్పి లెక్కపెట్టింది. ఐదూ వచ్చాయి.